ఏడు సంతకాలు

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు నా ముందు ఒక రిజిస్టరు పెట్టారు. అట్ట మీద తెల్లకాయితం అంటించి ‘మినిట్స్ బుక్కు’ అని రాసుంది. గుంటూరు జిల్లాలో, మా పట్నం శివార్లలో చాలా ఏళ్ళుగా నడుస్తున్న ఒక చిన్న డీ అడిక్షన్ సెంటరు కార్యవర్గం పుస్తకం అది. సెంటరు అంటే పెద్దగా ఊహించుకోకండి. డాబా ఇల్లు, పదిహేను మంచాలు, వంటగది, వెనక వేపచెట్టు.

“నువ్వు హైదరాబాదులో ఆడిట్ ఆఫీసులో చేస్తున్నావు కదమ్మా, మా కమిటీకి లెక్కలు తెలిసిన మనిషి కావాలి” అన్నారు అధ్యక్షుడుగారు. ఆయన రిటైర్డ్ లెక్చరర్. పెన్షన్లో సగం ఆ సెంటరుకే పెడతారని ఊళ్ళో అందరికీ తెలుసు. పాత సభ్యుడొకరు కాలం చేశారట, ఆ ఖాళీలోకి నేను.

మడతపెట్టిన పేజీ తెరిచారు. తేదీ మూడు నెలల కిందటిది. సమావేశం జరిగిందని, అయిదు తీర్మానాలు ఏకగ్రీవంగా ఆమోదించడమైనదని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుంది. నన్ను సభ్యురాలిగా చేర్చుకోవడం కూడా అందులో ఒక తీర్మానమే. కింద ఆరు సంతకాలున్నాయి. ఏడోది నేను పెట్టాలి.

“ఈ మీటింగు ఎప్పుడు జరిగిందండీ?”

“జరగలేదమ్మా” అన్నారు, ఏమీ దాచకుండానే. “గ్రాంటు ఫైలు వెళ్ళాలి. పిలిస్తే ఎవరొస్తారు? పత్తి తీతలు, మిరప కోతలు, ఎవరి గొడవ వాళ్ళది.”

ఆరు పేర్లూ చదివాను. ఆయన, ఆయన తమ్ముడు, ఆయన బావమరిది, ఒక జిన్నింగు మిల్లు యజమాని, మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి ఒకరు, నెలకోసారి వచ్చి కేస్ షీట్ల మీద సంతకాలు పెట్టే డాక్టరుగారు. అందరూ మంచివాళ్ళే. మందు ముట్టని వాళ్ళు కూడా.

తొమ్మిదేళ్ళ కిందట మా బాబాయిని చేర్పించింది ఆ సెంటర్లోనే. చేరిన రెండో రాత్రి ఆయనకు ఫిట్స్ వచ్చాయి. ఆ రాత్రి అక్కడ డాక్టరు లేడు, నర్సు లేదు, తాళాలు చేతిలో పట్టుకున్న కుర్రాడొక్కడే ఉన్నాడు. వాడు భయపడి తాళం వేసుకుని బయట కూర్చున్నాడు. గది లోపలున్న ఇంకో పేషెంటు బాబాయిని పక్కకు తిప్పి పడుకోబెట్టి తెల్లారేదాకా కాపలా కాశాడు. బాబాయి బతికాడు, తాగుడు మానాడు కూడా. ఇప్పటికీ ఆ సెంటరు పేరెత్తితే దణ్ణం పెడతాడు. ఆ రాత్రి గురించి మాత్రం మాట్లాడడు.

సంతకం పెట్టకుండా రెండు వారాలు టైమడిగాను. తాగేవాడి గురించి నిర్ణయాలు తీసుకునే బల్ల చుట్టూ మన నేల మీద ఇన్నాళ్ళూ ఎవరెవరు కూర్చున్నారు? ఆ రెండు వారాలూ వెతుక్కున్నది ఇదే. ఇంగ్లీషులో బోర్డు అంటే మొదట్లో బల్లే. చుట్టూ కూర్చునే వాళ్ళకు ఆ పేరు తర్వాత వచ్చింది.

*

అడగకుండా నెత్తిన పెట్టిన కమిటీని మా వైపు జనం ఒప్పుకోరు అనడానికి చీరాల ఉంది. అక్కడ గొడవ మద్యం మీద కాదు, మున్సిపాలిటీ మీద. అయినా నాకు ముందు గుర్తొచ్చింది అదే.

1919లో అప్పటి గుంటూరు జిల్లాలో ఉన్న చీరాల, పేరాలను ఇంకో రెండు ఊళ్ళతో కలిపి ప్రభుత్వం మున్సిపాలిటీ చేసింది. నేతపనివాళ్ళు, చిన్నచిన్న వ్యాపారులు ఉన్న ఊళ్ళు అవి. పన్నులు ఎన్నో రెట్లు పెరిగాయి. మాకొద్దని జనం మొరపెట్టుకున్నా వినలేదు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో 1921లో వేలమంది ఇళ్ళు ఖాళీ చేసి, ఊరి హద్దు దాటి, పాకలు వేసుకుని రామనగర్ కట్టుకున్నారు. ఎండల్లో, వానల్లో దాదాపు పదకొండు నెలలు అక్కడే ఉన్నారు. మున్సిపాలిటీ హద్దులో మనిషే లేకపోతే పన్ను ఎవరి మీద వేస్తారు అన్నది వాళ్ళ లెక్క. దుగ్గిరాలను జైల్లో పెట్టాక ఉద్యమం నీరసించింది, జనం తిరిగొచ్చారు.

మీ మేలు కోసమేనంటూ ఏర్పాటైన సంస్థలో మీ మాట చెల్లకపోతే బయటికి నడవడం ఒక దారి. చీరాలవాళ్ళు నడవగలిగారు. డీ అడిక్షన్ సెంటర్లో ఉన్న మనిషి నడవలేడు, తలుపుకు తాళం ఉంటుంది. అతని తరఫున లోపల ఎవరో ఒకరు మాట్లాడాల్సిన అవసరం అక్కడ ఇంకా ఎక్కువ.

*

రెండో కథ మద్యానిదే. అందులో ఉన్నది మా వైపు ఒక జిల్లాకు పేరైన మనిషి.

టంగుటూరి ప్రకాశం పుట్టింది ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆయనే మొదటి ముఖ్యమంత్రి. కొత్త రాష్ట్రానికి మద్రాసు నుంచి వారసత్వంగా వచ్చినవాటిలో మద్యనిషేధం ఒకటి. 1937లో రాజాజీ సేలం జిల్లాలో మొదలుపెట్టింది, మరుసటి ఏడాది చిత్తూరు, కడపలకు వచ్చింది, 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతా పరుచుకుంది. చట్టం ఉంది, దొంగసారా కూడా ఉంది. తాటిచెట్టు మీద బతికే గీతకార్మికుల పొయ్యిలో మాత్రం పిల్లి లేవలేదు. వాళ్ళ కోసం గౌతు లచ్చన్న గట్టిగా నిలబడ్డారు.

నిషేధం పనిచేస్తోందా లేదా చూడమని ప్రకాశం ప్రభుత్వం ఎస్.వి. రామమూర్తి అనే విశ్రాంత ఐ.సి.ఎస్. అధికారి ఆధ్వర్యంలో కమిటీ వేసింది. నిషేధం ఎత్తేయమని ఆ కమిటీ చెప్పింది. ప్రభుత్వం ఎత్తేయలేదు. 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానం వచ్చింది. ఒకే ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది. సైమన్ కమిషన్ నాడు తుపాకీకి ఎదురు నిలిచిన మనిషి ఒక్క ఓటుతో కల్లు దగ్గర ఓడిపోయాడని మా తాతల తరం చెప్పుకునేది.

ఈ కథను రాజకీయ చరిత్రగానే చదువుతాం. నేను ఇంకోలా చదివి చూశాను. ఆ బల్ల దగ్గర ఎవరున్నారు? నైతికత తరఫున గాంధేయవాదులు, ఖజానా తరఫున అధికారులు, బతుకుతెరువు తరఫున గీతకార్మికుల నాయకులు. ముగ్గురి వాదనలోనూ న్యాయం ఉంది. పొద్దున్నే చేతులు వణికే మనిషి మాత్రం అందరి ఉపన్యాసాల్లోనూ ఉదాహరణగానే ఉన్నాడు. అతని గురించి ఒక ప్రభుత్వమే పడిపోయింది కానీ, ‘నీకేం కావాలి’ అని అతన్ని అడగాలన్న ఊహ ఆ వాదం నడిచిన తీరులోనే లేదు.

*

మూడో కథ మీ అందరికీ తెలిసిందే, దూబగుంట. ప్రకాశం జిల్లా దాటి దక్షిణంగా వెళితే నెల్లూరు జిల్లా కలిగిరి మండలంలో ఉంది ఆ ఊరు. 1980లలో ప్రభుత్వమే ‘వారుణి వాహిని’ పేరుతో సారాను ప్యాకెట్లలో ఊరూరికీ చేర్చింది. ప్యాకెట్ అంటే జేబులో పట్టేది, పొలంగట్టు మీదికి, కూలి దగ్గరికి నడిచొచ్చేది. 1991లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. రాత్రిబడి వాచకంలో సీతమ్మ అనే ఆడమనిషి కథ ఒకటి ఉంది, తన ఊళ్ళో సారా కొట్టు మూయించిన కథ. చదవడం నేర్చుకున్న ఆడవాళ్ళు దాన్ని పాఠంలా ఊరుకోలేదు. 1992 నాటికి వర్ధినేని రోశమ్మలాంటి మామూలు రైతుకూలీ ఇళ్ళ ఆడవాళ్ళు ఊరూరా సారా బండ్లు ఆపారు, కొట్లు మూయించారు, వేలంపాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం. 1997లో అది సడలిపోయింది.

తాగే మనిషితో ఒకే కప్పు కింద బతికి దెబ్బలు తిన్నవాళ్ళే నిర్ణయం చేతిలోకి తీసుకున్నారు. వాళ్ళకు రిజిస్ట్రేషన్ నంబరు లేదు, అధ్యక్షుడు లేడు, మినిట్స్ బుక్కు లేదు. రచ్చబండే బల్ల. సమావేశం జరగకుండా జరిగిందని రాసుకునే అవసరం వాళ్ళకు ఏనాడూ రాలేదు.

ఆ ఉద్యమం మీద గౌరవంతోనే ఒక మాట చెప్పాలి. కొట్టు మూతపడింది. మూతపడ్డ మర్నాడు, ఇరవై ఏళ్ళుగా రోజూ తాగిన మనిషికి ఏమవుతుంది? వైద్యం చెప్పేది ఇది: ఆఖరి చుక్క తర్వాత ఆరు గంటల నుంచి రెండు రోజుల లోపు ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి మతి చలిస్తుంది. లేని మనుషులు, పాములు కనబడతారు, ఒళ్ళు కాలిపోతుంది. చూసేవాళ్ళు లేకపోతే ప్రాణం పోవచ్చు. చూసేవాళ్ళుంటే దీన్ని దాటించడం కష్టం కాదు, మందులున్నాయి. గ్లూకోజు ఎక్కించే ముందు థయమిన్ అనే బి విటమిన్ ఇవ్వాలన్న చిన్న జాగ్రత్త తెలిసినా చాలు, కొన్ని మెదళ్ళు చెడకుండా మిగులుతాయి. నిషేధానికి ఎక్సైజు శాఖ ఉంది, పోలీసులున్నారు. ఈ నాలుగు రోజులు దాటించడానికి ఊళ్ళో ఒక మంచం లేదు.

ఆ మంచాలు చాలావరకు స్వచ్ఛంద సంస్థలవే అయ్యాయి. మద్రాసులో శాంతి రంగనాథన్ భర్తను తాగుడుకు పోగొట్టుకుని, ఆయన పేరు మీదే 1980లో ఒక ఫౌండేషన్ పెట్టారు. టీటీకే ఆసుపత్రి అంటే చాలామందికి తెలుస్తుంది. 1980ల మధ్య నుంచి కేంద్ర ప్రభుత్వం ఇలాంటి సంస్థలకు గ్రాంట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. ప్రభుత్వం డబ్బిస్తుంది, మంచాలు సొసైటీ నడుపుతుంది అన్నది ఏర్పాటు. మా ఊరి డాబా ఇల్లూ ఆ బాపతే.

అయినా ఎంత కొరతో చూడండి. కేంద్రం ఎయిమ్స్ ద్వారా చేయించి 2019లో బయటపెట్టిన దేశవ్యాప్త సర్వే ప్రకారం మద్యానికి పూర్తిగా బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. ఆసుపత్రిలో చేరి వైద్యం పొందినవాళ్ళు ప్రతి 180 మందిలో ఒక్కరు. అందుకే అధ్యక్షుడుగారి మీద నాకు కోపం రాదు. ఆయన మంచాలు పదిహేనే కావచ్చు, అవి కూడా లేకపోతే మా బాబాయి ఎక్కడ ఉండేవాడు?

*

తాగినవాళ్ళే బల్ల దగ్గర కూర్చున్న చోటు లేదా అని వెతికితే అమెరికా దాకా వెళ్ళాల్సి వచ్చింది.

1935లో ఆక్రన్ అనే ఊళ్ళో షేర్ల వ్యాపారం చేసి దివాలా తీసిన బిల్ విల్సన్, బాబ్ స్మిత్ అనే సర్జను కలిశారు. ఇద్దరూ తాగుబోతులే. ఒకరితో ఒకరు మాట్లాడుకుంటే మానగలుగుతున్నాం అని కనిపెట్టారు. అదే ఆల్కహాలిక్స్ అనానిమస్ అయింది, మనవాళ్ళు ఏఏ అంటారు. డబ్బూ పుస్తకాలూ చూసుకోవడానికి 1938లో ఒక ట్రస్టు పెట్టుకున్నారు. తాగుబోతుల కోసం, తాగుబోతులు పెట్టుకున్న ఆ ట్రస్టు బోర్డులో ఎక్కువమంది తాగని వాళ్ళే ఉండాలని వాళ్ళే రాసుకున్నారు. మాలో ఎవడు మళ్ళీ ఎప్పుడు తాగుతాడో, డబ్బు ఏం చేస్తాడో అన్న భయం. తమ మీద తమకు అంత అపనమ్మకం.

ఆ లెక్క తిరగబడడానికి ఇరవై ఎనిమిదేళ్ళు పట్టింది. 1966లో ఇరవైఒక్క మంది బోర్డులో పద్నాలుగు మంది తాగి మానినవాళ్ళు, ఏడుగురు తాగనివాళ్ళు అని మార్చుకున్నారు. ఆ ఏడుగురిని తీసేయలేదన్నది గమనించాలి. లెక్కలు, చట్టం, వైద్యం తెలిసినవాళ్ళు, ఆ జబ్బుకు బయట నిలబడి చూడగలిగినవాళ్ళు అవసరమే అని ఉంచుకున్నారు.

ఇక్కడితో ఆపేస్తే కథ సుఖాంతం. ‘ఆ సెంటర్లలో కూడా మానినవాళ్ళనే అధ్యక్షులను చేస్తే సరి’ అని రాసి లేచేదాన్ని. కానీ సినానన్ అడ్డొచ్చింది.

1958లో కాలిఫోర్నియాలో చార్లెస్ డెడెరిక్ అనే మనిషి, ఏఏలోనే తాగుడు మానినవాడు, మాదకద్రవ్యాలకు అలవాటుపడ్డవాళ్ళ కోసం సినానన్ పెట్టాడు. డాక్టర్లు లేరు, మానినవాళ్ళే మిగతావాళ్ళను చూసుకోవడం. మొదట్లో పత్రికలు ఆకాశానికెత్తాయి. రానురాను డెడెరిక్ మాటకు ఎదురు లేకుండా పోయింది. 1970లలో అది తనను తాను మతమని ప్రకటించుకుంది. లోపలివాళ్ళు గుండు చేయించుకోవాలి, పెళ్ళాలనూ మొగుళ్ళనూ వదిలి ఆయన చెప్పినవాళ్ళతో జతకట్టాలి. 1978లో, సినానన్ మీద కేసు గెలిచిన ఒక లాయరు ఇంటి పోస్టుడబ్బాలో ర్యాటిల్‌స్నేక్ అనే విషసర్పాన్ని పెట్టారు. కరిచింది, మనిషి బతికాడు. హత్యకు కుట్ర చేశారన్న ఆరోపణను ఎదిరించి వాదించనని 1980లో డెడెరిక్ కోర్టుకు చెప్పాడు.

డెడెరిక్‌కు తాగుబోతు బాధ తెలియక కాదు. అందరికంటే బాగా తెలుసు. తెలిసిన మనిషిని ‘ఇదేంటి’ అని అడిగే ఇంకో మనిషి బల్ల దగ్గర లేడు. మంచితనం ఉన్నా చాలదు, అనుభవం ఉన్నా చాలదు. ఒకరి మాట ఇంకొకరు అడ్డుకోగలిగేలా కుర్చీలు పడాలి. మా అధ్యక్షుడుగారికీ డెడెరిక్‌కూ పోలికే లేదు, ఆయన దేవుడులాంటి మనిషి. దేవుడులాంటి మనిషి పక్కన తమ్ముడు, బావమరిది కూర్చుంటే ‘ఇదేంటి’ అని ఎవరు అడుగుతారు?

*

మన చట్టం దీని గురించి ఏమంటుందో చూశాను, వృత్తి కదా. 1860 నాటి సొసైటీల చట్టం ప్రకారం సంస్థ పెట్టాలంటే ఏడుగురు మనుషులు కావాలి. తిరుగుబాటు మొదలైన మూడేళ్ళకు తెల్లవాళ్ళు చేసిన చట్టం అది. మన రాష్ట్రం 2001లో సొంత చట్టం చేసుకుంది. అందులోనూ ఏడుగురే. ఆ ఏడుగురు ఎవరై ఉండాలో అప్పుడూ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పలేదు. అందుకే మన దగ్గర కమిటీ అంటే చాలాచోట్ల ఒక మనిషి, అతని మీద నమ్మకం, ఆరు సంతకాలు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కొంచెం ముందుకెళ్ళింది. మద్యం, మాదకద్రవ్యాల వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా అది తన పరిధిలోకి తెచ్చుకుంది. ఇలాంటివాళ్ళను ఉంచి చికిత్స చేసే సంస్థ రిజిస్టరు చేయించుకోవాలి. మనిషిని గొలుసుతో కట్టకూడదు, ఒంటరిగదిలో పెట్టకూడదు. పేషెంటు ఫిర్యాదు చేసుకోవడానికి రివ్యూ బోర్డులు ఉండాలి. కాయితం మీద మంచి చట్టం. కానీ చట్టం రాత్రి రెండు గంటలకు గదిలోకి రాలేదు. రాత్రికి నర్సును పెట్టాలా వద్దా, దానికి డబ్బెక్కడిది, తాళంచెవి ఎవరి దగ్గరుండాలి అన్నవి తేలాల్సింది ఏడుగురు కూర్చునే బల్ల దగ్గరే. వాళ్ళు కూర్చోకుండానే సంతకాలు పెడితే ఆ సంగతి తేలేది తాళాలు పట్టుకున్న కుర్రాడి దగ్గర.

ఆడిట్ చేసేటప్పుడు మేం వోచర్లు చూస్తాం, బిల్లులు చూస్తాం. మినిట్స్ బుక్కులో తేదీలు వరుసగా ఉన్నాయా అని చూసి టిక్కు పెడతాం. ఎన్ని సంస్థల పుస్తకాల్లో అలా టిక్కు పెట్టి ఉంటానో! ఆ వరుస వెనక ఖాళీ కుర్చీలున్నాయేమో అన్న ఆలోచన నాకు ఏనాడూ రాలేదు. మా బాబాయి పడ్డ మంచం పక్కన నిలబడిన రిజిస్టరు నా చేతికొస్తే తప్ప.

*

రెండు వారాల తర్వాత వెళ్ళి పాత తేదీ పేజీలో సంతకం పెట్టనని చెప్పాను. అధ్యక్షుడుగారి ముఖం చిన్నబోయింది. “మమ్మల్ని దొంగల్ని చేశావమ్మా” అన్నారు. కాదండీ అని నచ్చజెప్పడానికి చాలాసేపు పట్టింది. మూడు అడిగాను. మీటింగు నిజంగా పెట్టాలి. బంధువుల్లో ఒకరే ఉండాలి. మానిన మనిషి ఒకరు, తాగే మనిషితో కాపురం చేసిన ఆడమనిషి ఒకరు కమిటీలోకి రావాలి.

“మానినవాడంటే ఎవరొస్తారమ్మా? రేపు మళ్ళీ తాగితే పరువేం కాను?”

1938లో న్యూయార్కులో వాళ్ళు కూడా ఇదే భయపడ్డారని చెబుదామనుకుని ఊరుకున్నాను. “తాగితే మన సెంటరు ఉంది కదండీ” అన్నాను. ఆయన నవ్వలేదు, కాదనీ అనలేదు. తమ్ముడిగారితో తానే మాట్లాడతానన్నారు.

బాబాయిని ఒప్పించడం అంతకంటే కష్టమైంది. ఆయన గుంటూరు యార్డులో ముఠాపని చేస్తాడు, టిక్కీలు మోస్తాడు. “పెద్దోళ్ళ మధ్య నాకు కుర్చీ ఏంటి తల్లీ? వాళ్ళు నాకు ప్రాణం పెట్టారు. వాళ్ళను అడగడానికి నేనెవర్ని?” అన్నాడు. పిన్ని లోపల నుంచి అంది, “ఆ రాత్రి నీ పక్కన కూర్చున్నాడే, ఆ అబ్బాయి కోసమన్నా వెళ్ళు.” ఆ అబ్బాయి రెండేళ్ళ తర్వాత మళ్ళీ తాగి పోయాడు. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది. ఇద్దరూ చాలాసేపు ఏం మాట్లాడలేదు. “సరే, నువ్వూ రావాలి” అన్నాడు పిన్నితో.

ఫిబ్రవరి చివర్లో ఒక ఆదివారం మీటింగు జరిగింది. ఎనిమిది కుర్చీలు వేస్తే ఏడు నిండాయి. మిల్లు యజమాని రాలేదు. బాబాయి యార్డు నుంచి నేరుగా వచ్చాడు. చొక్కా నిండా మిరప ఘాటు, పక్కనున్న డాక్టరుగారు తుమ్మడం మొదలుపెడితే వరసగా అందరం తుమ్మాం. అధ్యక్షుడుగారు కూడా నవ్వేశారు.

జమాఖర్చులు నేను చదివాను. గ్రాంటు ఫైలు సంగతి మాట్లాడారు, మరుగుదొడ్ల రిపేరు, బియ్యం బాకీ. పిన్ని ఒక్క మాటా అనలేదు కానీ బియ్యం లెక్కలో తప్పు పట్టుకుంది. ఇంక ఎవరైనా ఏమైనా చెప్పాలా అని అధ్యక్షుడుగారు అడిగితే బాబాయి చేతులు కట్టుకుని లేచి నిలబడ్డాడు. కూర్చోవయ్యా అన్నా కూర్చోలేదు.

“రాత్రిపూట ఎవరుంటారండీ?” అన్నాడు.

ఎవరూ వెంటనే మాట్లాడలేదు. డాక్టరుగారు బల్లకేసి చూస్తూ ఉండిపోయారు. రాత్రి నర్సుకు నెలకు ఎంతవుతుందో కనుక్కుని వచ్చే మీటింగులో చెప్పమని చివరికి నాకు అప్పజెప్పారు.

మినిట్స్ నేనే రాశాను. ప్రశ్నను బాబాయి అడిగిన మాటల్లోనే రాశాను. జవాబుకు నాలుగు గీతలు ఖాళీ వదిలి, వచ్చే మీటింగు తేదీ వేశాను. ఏడుగురం సంతకాలు పెట్టాం. బాబాయి పెన్ను గట్టిగా నొక్కి రాస్తాడు, ఆయన పేరు వెనక పేజీ మీద కూడా అచ్చుపడింది.